ఇంగ్లీషు మాటల్లో అపోస్ట్రఫీ ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు?

ఎస్ అక్షరంతో ముగిసే ప్రతి మాటకూ మీ అమ్మాయి అపోస్ట్రఫీ (') గుర్తు పెడుతోందని, బహువచనానికీ సంబంధానికీ తేడా ఎలా చెప్పాలో తోచడం లేదని రాశారు. కడపలో డిగ్రీ విద్యార్థులకూ పోటీ పరీక్షలు రాసేవారికీ చాలాకాలంగా ఇంగ్లీషు చెబుతున్నాను కనుక, తరగతిలో ఫలితమిచ్చిన పద్ధతినే చెబుతాను.

స్టూడెంట్స్, స్టూడెంట్'స్, స్టూడెంట్స్' అనే మూడింటినీ ఒకేలా పలుకుతారు. పలికినట్టే రాయడానికి అలవాటుపడిన మన పిల్లలకు ఇక్కడే చిక్కు వస్తుంది. అందుకే రాసేముందు ఆ భావాన్ని తెలుగులో చెప్పమంటాను. ‘విద్యార్థులు వచ్చారు’ అన్నప్పుడు గుర్తు అక్కర్లేదు. ‘విద్యార్థి పుస్తకం’ అయితే ఎస్‌కు ముందు, ‘విద్యార్థుల పుస్తకాలు’ అయితే ఎస్ తరువాత పెట్టాలి. చిల్డ్రన్, మెన్ వంటివి ఎస్ లేకుండానే బహువచనాలు కాబట్టి, వాటికి గుర్తు పెట్టి ఆపైన ఎస్ చేర్చాలి.

బోర్డుల మీద టిఫిన్'స్, మీల్'స్ అని చూసి పిల్లలు అదే సరైనదనుకుంటారు. కడప ఏడు రోడ్ల కూడలి వైపు వెళ్లినప్పుడు అటువంటి బోర్డు కనిపిస్తే, అక్కడ టిఫిన్‌కు చెందినది ఏదైనా ఉందా అని అమ్మాయినే అడగండి. ఎమ్మెల్యేస్, 1990స్ వంటి వాటికి కూడా గుర్తు అక్కర్లేదు. ఐ అనే చిన్న అక్షరాన్ని బహువచనం చేసేటప్పుడు మాత్రం పెడతారు, లేకపోతే దాన్ని ‘ఈజ్’ అని చదివే ప్రమాదముంది.

అసలు ఈ గుర్తు అక్షరం జారిపోయిన చోటును చూపడానికి వచ్చింది. డోంట్‌లో ‘నాట్’లోని ఓ పోయింది గనుక ఎన్‌కూ టీకీ మధ్య నిలుస్తుంది, డూ తరువాత కాదు. సంబంధాన్ని తెలిపే ఎస్ కూడా పాత ఇంగ్లీషులోని ‘ఈఎస్’ ప్రత్యయం నుంచే వచ్చింది. అందులోని ‘ఈ’ అనే అక్షరం జారిపోయింది. ఈ సంగతి చెబితే ఒకే గుర్తు రెండు పనులు ఎందుకు చేస్తోందో పిల్లలకు వెంటనే అర్థమవుతుంది.

అందరూ తడబడేది ‘ఇట్స్’ దగ్గర. దాన్ని ‘ఇట్ ఈజ్’ లేదా ‘ఇట్ హాజ్’ అని విడదీసి చదివినా వాక్యం నిలబడితే గుర్తు పెట్టాలి. ‘దాని’ అనే అర్థంలో పెట్టకూడదు. హర్స్, యువర్స్, దెయిర్స్ అనే సర్వనామాలకు కూడా అంతే.

శ్రీనివాస్ వంటి ఎస్‌తో ముగిసే పేర్లకు గుర్తు తరువాత మరో ఎస్ రాసినా, రాయకపోయినా చెల్లుతుంది. ఒక వ్యాసమంతటా ఒకే పద్ధతిని పాటిస్తే చాలు.