చెరువు గట్టు మీద బిగించే ముందు

చిన్నీ,

మెసేజ్ చూశాను. రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ చూసే లైబ్రరీ ల్యాప్‌టాప్‌లో పూర్తయింది, టెస్టులన్నీ పాసయ్యాయి, ఇక రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు) కోసం బిల్డ్ చేసి భీమవరం తీసుకెళ్లడమే అన్నావు. సంతోషం. కానీ ఒక్క పూట ఆగు.

సీ భాషలో కోడు ఒకటే అయినా, కొన్ని సంగతులు ప్లాట్‌ఫామ్‌ని బట్టి, కోడుని మెషీన్ భాషలోకి మార్చే కంపైలరే తేల్చేసుకుంటుంది. తనంతట తాను నీకు చెప్పదు. అడిగితే మాత్రం ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. అందుకే ముందు అడగడం నేర్చుకో.

నీ కోడులోనే చూపిస్తాను. సెన్సార్ రీడింగుని పదితో హెచ్చవేసి చార్ అనే ఒక్క బైటు టైపులో పెడుతున్నావు. లీటరుకి 5.2 మిల్లీగ్రాములుంటే 52. సెన్సార్ పలక్కపోతే మైనస్ 1. ఇంటెల్ ల్యాప్‌టాప్ మీది లినక్స్‌లో చార్ మైనస్ 128 నుంచి 127 దాకా పోతుంది కాబట్టి నీకు ఏ ఇబ్బందీ కనపడలేదు. రాస్ప్‌బెర్రీ పైలో ఉండేది ఆర్మ్ ప్రాసెసర్, ఆర్మ్ లినక్స్‌లో అదే చార్ 0 నుంచి 255. అక్కడ నీ మైనస్ 1 కాస్తా 255 అయి కూర్చుంటుంది. 'మైనస్ 1కి సమానమా' అని నువ్వు రాసిన ఇఫ్ ఎప్పటికీ నిజం కాదు. వైరు ఊడిన సెన్సారు నీళ్లలో 25.5 ఆక్సిజన్ ఉందంటుంది, నీ ప్రోగ్రాం అది నమ్మి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆపేస్తుంది. అదీ తెల్లవారుజామున జరిగిందనుకో, చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయే వేళ. పొద్దున్నే రైతు గట్టెక్కి చూసేసరికి ఇంక చేసేదేం ఉండదు.

చార్‌ని సైన్డ్‌గా, అంటే మైనస్ విలువలూ పట్టేలా, చూడమని కంపైలర్‌కి చెప్పే ఫ్లాగు ఉంది కదా మావయ్యా అంటావు. ఉంది. నీ ఒక్కదాని ప్రోగ్రాం అయితే సరిపోయేది. ఇది లైబ్రరీ. రేపు ఇంకొకడు నీ హెడర్‌ని తన కోడులో కలుపుకుని ఆ ఫ్లాగు పెట్టకపోతే, అదే లైను నీ దగ్గర ఒకలా, వాడి దగ్గర ఒకలా పనిచేస్తుంది. సైన్డ్ చార్ అని కోడులోనే పూర్తిగా రాసెయ్. వార్నింగుల్లో ఎక్స్‌ట్రా కూడా ఆన్ చెయ్యి, ఇలాంటి పోలిక ఎప్పటికీ నిజం కాదని చాలాసార్లు నీ కంపైలర్ జీసీసీయే మొత్తుకుంటుంది. లాంగ్ సంగతీ ఇంతే: 64 బిట్ లినక్స్‌లో 8 బైట్లు, 32 బిట్ రాస్ప్‌బెర్రీ పై మీద 4. 64 బిట్ విండోస్‌లోనూ 4 బైట్లే! ఫైల్లోకి రాసే స్ట్రక్చర్‌లో లాంగ్ పెట్టొద్దు.

ఇక నీ రాస్ప్‌బెర్రీ పై 32 బిట్టో 64 బిట్టో తెలుసుకోడానికి యూనేమ్ కమాండ్ చూసి ఊరుకోకు. అది చెప్పేది ఓఎస్ గుండెకాయ లాంటి కెర్నల్ గురించి. కెర్నల్ 64 బిట్టూ, పైన ఉన్న ప్రోగ్రాములన్నీ 32 బిట్టూ అయిన కార్డులు బోలెడు. రాస్ప్‌బెర్రీ పై మీదే జీసీసీకి డంప్‌మెషీన్ అన్న ఆప్షన్ ఇచ్చి చూడు. ఆర్మ్ లినక్స్ జీఎన్‌యూఈఏబీఐహెచ్ఎఫ్ అని వస్తే 32 బిట్, ఏఆర్క్64 అని మొదలైతే 64.

ఆ పేరు కలిసినా సరిపోదు, అసలు తిరకాసు ఇక్కడే ఉంది. రాస్ప్‌బెర్రీ పై వాళ్ల 32 బిట్ ఓఎస్ ఆర్మ్ వీ6 అనే పాత తరం ప్రాసెసర్ నుంచి నడిచేలా కట్టింది. డెబియన్, ఉబుంటు లినక్స్‌లు ఇచ్చే ఆర్మ్ హెచ్ఎఫ్ (32 బిట్ ఆర్మ్) కంపైలర్ దాని తర్వాతి తరం వీ7 అనుకుని కోడు తీస్తుంది. రెండింటి పేరూ ఒకటే. ల్యాప్‌టాప్‌లోనే ఆర్మ్ కోసం కట్టిన (క్రాస్ కంపైల్ చేసిన) లైబ్రరీ రాస్ప్‌బెర్రీ పై 4 మీద హాయిగా నడుస్తుంది, మొదటి పై జీరో మీద పెట్టగానే 'ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్' అని చచ్చిపోతుంది. బిల్డయిన ఫైలుని రీడ్ఎల్ఫ్ అనే కమాండ్‌కి ఇచ్చి, పెద్ద 'A' ఆప్షన్‌తో సీపీయూ ఆర్క్ లైను చూడు. మార్చ్ నేటివ్ అనే కంపైలర్ ఫ్లాగు జోలికి మాత్రం పోవద్దు. వేగం వస్తుందని ఎవరో చెప్పి ఉంటారు. అది బిల్డ్ చేసిన మెషీన్‌కే పరిమితం.

బిల్డ్ నడిపించడానికి సీమేక్ వాడుతున్నావు కాబట్టి ఇంకొకటి. కంపైలర్ మార్చి మళ్లీ సీమేక్ కొడితే మారిపోయిందనుకుంటారు చాలామంది. మొదటిసారి దొరికిన కంపైలర్నే అది క్యాష్‌లో రాసి పెట్టుకుంటుంది. బిల్డ్ ఫోల్డర్ మొత్తం తీసేసి కొత్తగా మొదలుపెట్టు. బిల్డ్ టైప్ నువ్వు చెప్పకపోతే మామూలుగా ఖాళీగా ఉంటుంది, అంటే ఆప్టిమైజేషనే ఉండదు. రిలీజ్ అంటే కోడులో తనిఖీకి పెట్టిన అసర్ట్‌లన్నీ ఎగిరిపోతాయి, సెన్సార్ చెకింగు వాటి మీద వదిలెయ్యకు. వెర్బోస్ పెట్టి మేక్ చేస్తే ఏయే ఫ్లాగులు వెళ్లాయో కళ్లారా కనిపిస్తాయి.

లినక్స్‌లో సీ ప్రోగ్రాములు వాడుకునే జీలిబ్‌సీ లైబ్రరీ వెర్షన్ కూడా చూసుకో. కొత్త ఉబుంటులో కట్టింది పాత ఓఎస్ మీద 'జీలిబ్‌సీ 2.34 దొరకలేదు' అని ఆగిపోవచ్చు. బిల్డ్ చేసే చోట వెర్షన్ నడిపే చోటుకన్నా పాతదో, అదే వెర్షనో అయితే చాలు.

ఇవయ్యాక రాస్ప్‌బెర్రీ పై మీదే టెస్టులు నడిపి, సెన్సార్ వైరు నీ చేత్తో పీకి చూడు. ఏరేటర్లు ఆన్‌లోనే ఉండాలి. శనివారం నేను పాలకొల్లులోనే ఉంటాను. రీడ్ఎల్ఫ్ చూపించింది, వెర్బోస్ బిల్డ్‌లో ఒక కంపైల్ లైనూ వాట్సాప్‌లో పెట్టు. అవి చూసి నేను చెప్పాకే భీమవరం బస్సెక్కు.

మీ మావయ్య