లైనక్స్‌ల వైఫై వస్తలేదా? విమానం ఎక్కకముందే తేల్చుకోండి

సందేహం: అన్నా, మాది హనుమకొండ, నయీంనగర్. అక్టోబర్‌ల జర్మనీల మాస్టర్స్ మొదలైతది. విండోస్ పక్కన ఉబుంటు (లైనక్స్‌ల ఒక రకం) వేసుకున్న గని వైఫై అసలే కనబడుతలేదు. డ్రైవర్ (వైఫై కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) దించుదామంటే నెట్ కావాలె, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలె. ఎట్ల?

జవాబు: తమ్మీ, ఈ పని ఇంట్ల ఉన్నప్పుడే తేల్చుకో. అక్కడ దిగినంక ప్రీపెయిడ్ సిమ్‌కు కూడా పాస్‌పోర్ట్ చూపించి ధ్రువీకరణ చేయించుకోవాలె, 2017 నుంచి అదే నియమం. యూనివర్సిటీ లాగిన్ చేతికి రావాలంటే ఇంకొన్ని దినాలు. నెట్ లేకుంట ల్యాప్‌టాప్ ముందల కూసుంటే ఏ పని ముందటికి పోదు.

ముందు నెట్ సంగతి. ఆండ్రాయిడ్ ఫోన్‌ను ఇంటి వైఫైకి కలుపు, కేబుల్‌తోని ల్యాప్‌టాప్‌కు పెట్టు, ఫోన్ సెట్టింగుల్ల యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యి. ఉబుంటుకు అది వైర్ నెట్ లెక్కనే కనబడుతది, వేరే డ్రైవర్ అక్కర లేదు. టెథరింగ్ బటన్ మసకగా ఉండి నొక్కనిస్తలేదంటే కేబుల్ చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే రకం. డేటా కేబుల్ మార్చు. ఐఫోన్ అయితే మొబైల్ డేటానే పంచుతది, తను పట్టుకున్న వైఫైని పంచదు. యూఎస్‌బీ నుంచి ల్యాన్‌కు (వైర్ నెట్‌కు) మార్చే చిన్న అడాప్టర్ ఒకటి కూడా సామాన్ల పెట్టుకో. అక్కడ చాలా హాస్టల్ గదుల్ల గోడకు ల్యాన్ సాకెట్ ఉంటది, పల్చటి ల్యాప్‌టాప్‌లకేమో ఆ రంధ్రమే ఉండదు. రియల్‌టెక్ ఆర్‌టీఎల్8153 చిప్ ఉన్నది తీసుకుంటే లైనక్స్ పెట్టంగనే గుర్తుపడుతది.

ఇప్పుడు అసలు రోగం పట్టుకోవాలె. కమాండ్లు ఈడ పలికినట్టు తెలుగుల రాస్తున్న, నువ్వు ఇంగ్లీషు చిన్న అక్షరాలల్ల కొట్టు. టర్మినల్ (కమాండ్లు కొట్టే కిటికీ) తెరిచి ఎల్ఎస్‌పీసీఐ అని, స్పేస్ ఇచ్చి, డ్యాష్ ఎన్‌ఎన్‌కే అని కొట్టు. వచ్చిన దాంట్ల నెట్‌వర్క్ కంట్రోలర్ అనే వరుస వెతుకు. చివర చదరపు బ్రాకెట్ల రెండు కోడ్‌లు ఉంటయి. మొదటిది కంపెనీ: 8086 ఇంటెల్, 10ఈసీ రియల్‌టెక్, 14ఈ4 బ్రాడ్‌కామ్, 14సీ3 మీడియాటెక్. ల్యాప్‌టాప్ డబ్బా మీద ఏం రాసున్నా పట్టించుకోకు, ఒకే మోడల్ పేరు మీద వేరే వేరే కార్డులు వేసి అమ్ముతరు. దాని కింద 'కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్' అనే వరుస ఉందా లేదా అన్నది చూడు. ఆ వరుస ఉందంటే డ్రైవర్ పట్టుకుంది, తప్పు ఇంకెక్కడో ఉంది. లేదంటే డ్రైవరే లేదు, లేకపోతే లోడ్ కాలేదు.

వరుస ఉండి కూడా వైఫై లేదంటే ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్ కొట్టు. సాఫ్ట్ బ్లాక్డ్ ఎదురుగా ఎస్ (అవును) అని ఉంటే సుడో ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ ఆల్ తోని పోతది. హార్డ్ బ్లాక్డ్ అయితే కీబోర్డ్ మీది విమానం గుర్తు కీనో, పక్కన స్విచ్చో నొక్కాలె. విండోస్ పక్కన ఉబుంటు వేసుకున్నోళ్లకు ఇంకో తంటా ఉంది: విండోస్‌ల ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌ల ఉంటే షట్‌డౌన్ చేసినా మిషన్ పూర్తిగ బంద్ కాదు, కార్డు సగం నిద్రల ఉండి లైనక్స్‌కు దొరకదు. కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌ల దాన్ని తీసెయ్యి.

తక్కువ ధర ల్యాప్‌టాప్‌లల్ల ఎక్కువగ వచ్చేది రియల్‌టెక్, పరేషాన్ కూడా దాంతోనే ఎక్కువ. ఈడ కెర్నెల్ (లైనక్స్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రాం) వయసే అసలు సంగతి. ఆర్‌టీఎల్8821సీఈకి 5.9 కెర్నెల్ నుంచి, ఆర్‌టీఎల్8852ఏఈకి 5.16 నుంచి, ఆర్‌టీఎల్8852బీఈకి 6.2 నుంచి డ్రైవర్ కెర్నెల్‌ల్నే ఉంది. యూనేమ్ డ్యాష్ ఆర్ కొడితే నీది ఎంతో తెలుస్తది. ఉబుంటు 22.04 మొదట 5.15తోని వచ్చింది, దానికి 8852బీఈ ఎవరో తెల్వదు. 24.04 వచ్చిందే 6.8తోని, అది మంచిగనే గుర్తుపడుతది. అందుకే యూట్యూబ్ చూసి ఎవరో గిట్‌హబ్‌ల పెట్టిన డ్రైవర్ కంపైల్ చేసేకంటే ఉబుంటు కొత్త వెర్షన్ వేసుకునుడే నయం. అట్ల చేత్తోని కంపైల్ చేసింది డీకేఎంఎస్ (కెర్నెల్ మారినప్పుడల్లా డ్రైవర్‌ను మళ్ల తయారు చేసే ఏర్పాటు) కింద పెట్టకపోతే, కెర్నెల్ అప్‌డేట్ వచ్చిన రోజే పోతది. ఆ రోజు నీకు పరీక్షలు ఉండొచ్చు.

డ్రైవర్ ఉండి ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే చిన్న ప్రోగ్రాం) లేకపోయినా కార్డు లేవదు. సుడో డీమెసేజ్ కొట్టి (రాసేది డీఎంఈఎస్‌జీ) ఫర్మ్‌వేర్ మాట ఉన్న వరుసలు చూడు. పక్కన ఎర్రర్ మైనస్ 2 అని ఉంటే ఆ ఫైలే డిస్క్‌ల లేదని అర్థం. ఉబుంటుల లైనక్స్-ఫర్మ్‌వేర్ ప్యాకేజీ అప్‌డేట్ చేస్తే చాలు. డెబియన్ (ఇంకో రకం లైనక్స్) అయితే 2023ల వచ్చిన 12వ వెర్షన్ నుంచే ఈ ఫైళ్లు ఇన్‌స్టాలర్‌ల కలిపిన్రు. పాత పెన్‌డ్రైవ్‌ల 11 ఉంటే పక్కన పడెయ్యి.

పాత ల్యాప్‌టాప్‌ల బ్రాడ్‌కామ్ ఉంటే, ముఖ్యంగ బీసీఎం43142, 'అడిషనల్ డ్రైవర్స్' తెరిచి చూపించింది వేసుకో. ఇది సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ను ఆపే కాపలా) దగ్గర చాలామందిని ముంచుతది. ఇన్‌స్టాల్ అప్పుడు ఒక పాస్‌వర్డ్ అడుగుతది. తర్వాతి బూట్‌ల నీలం తెర వస్తది. చాలామంది భయపడి కంటిన్యూ బూట్ కొడతరు. అది తప్పు. ఎన్‌రోల్ మోక్, కంటిన్యూ, ఎస్ అని పోయి అదే పాస్‌వర్డ్ కొట్టాలె. కొట్టకపోతే డ్రైవర్ డిస్క్‌ల ఉంటది గని కెర్నెల్ రానియ్యది, 'కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్' అంటది. మళ్ల ఆ తెర కావాలంటే సుడో అప్‌డేట్-సెక్యూర్‌బూట్-పాలసీ అని, స్పేస్ ఇచ్చి, రెండు డ్యాష్‌లు పెట్టి ఎన్‌రోల్-కీ అని కొట్టి రీబూట్ చెయ్యి. సెక్యూర్ బూట్ ఆన్‌ల ఉందో లేదో ముందే తెలుసుకోవాలంటే మోక్‌యుటిల్, స్పేస్, రెండు డ్యాష్‌లు, ఎస్‌బీ-స్టేట్.

వైఫై వచ్చి గడియకోసారి తెగుతుంటే పవర్ సేవింగ్ మీద అనుమానం పెట్టు. ఈటీసీ ఫోల్డర్‌ల నెట్‌వర్క్‌మేనేజర్, దాంట్ల కాన్ఫ్.డీ, దాంట్ల డిఫాల్ట్-వైఫై-పవర్‌సేవ్-ఆన్ అనే ఫైల్ ఉంటది. వైఫై.పవర్‌సేవ్ ఎదురుగ ఉన్న 3ను 2 చేసి, నెట్‌వర్క్‌మేనేజర్‌ను రీస్టార్ట్ చెయ్యి.

అక్కడికి పోయినంక యూనివర్సిటీల ఎడ్యురోమ్ (యూనివర్సిటీలన్నిట్ల ఒకే పేరుతోని నడిచే వైఫై) ఉంటది. అది ఇంటి వైఫై లెక్క ఒక్క పాస్‌వర్డ్‌తోని తెరుచుకోదు. యూజర్‌నేమ్‌ల నీ ఐడీ, ఎట్ గుర్తు, యూనివర్సిటీ డొమైన్ మొత్తం రాయాలె. ఉత్త ఐడీ రాసి డ్రైవర్ చెడిపోయిందనుకునేటోళ్లు మస్తుమంది. ఎడ్యురోమ్ క్యాట్ అనే సైట్ల మీ యూనివర్సిటీ పేరు కొడితే లైనక్స్‌కు ఒక పైథాన్ స్క్రిప్ట్ ఇస్తది. అది సర్టిఫికెట్‌తో సహా అన్నీ తనే పెడుతది. ఇంట్ల ఉన్నప్పుడే దించి పెట్టుకో. 'సర్టిఫికెట్ అక్కర లేదు' అనే టిక్ పెట్టి కలిపితే పని అయితది గని, అదే పేరుతోని ఎవడన్నా దొంగ వైఫై పెడితే నీ లాగిన్ వాడి చేతిలకు పోతది.

అక్కడి ఇంటి రూటర్ ఫోన్‌కు కనబడి ల్యాప్‌టాప్‌కు కనబడకపోతే ఐడబ్ల్యూ రెగ్ గెట్ కొట్టు. యూఎస్ అని వస్తే అమెరికా నియమాలు నడుస్తున్నయి, 12, 13 చానెళ్లు బంద్ ఉంటయి. యూరప్‌ల అవి వాడుతరు. సుడో ఐడబ్ల్యూ రెగ్ సెట్ డీఈ (డీఈ మాత్రం పెద్ద అక్షరాలల్ల) అంటే సరి, రీబూట్ అయితే మళ్ల కొట్టాలె. కొత్త ఇంటెల్ కార్డులు ఈ మాట వినయి, చుట్టూ ఉన్న రూటర్లను చూసి తమే నిర్ణయించుకుంటయి.

ఇన్ని చేసినా దారికి రాకపోతే కార్డే మార్చు, ఊర్లనే. ఎం.2 2230 సైజు ఇంటెల్ ఏఎక్స్210 అడుగు, 5.10 కెర్నెల్ నుంచి నడుస్తది. ఏఎక్స్211 అంటగడితే తీసుకోకు, అది కొన్ని ఇంటెల్ ప్రాసెసర్ల బోర్డుల్లనే పనిచేస్తది. కొన్నిట్ల కార్డు బోర్డుకే అతికించి ఉంటది, కొన్ని పాత మోడళ్ల బయాస్ (మిషన్ ఆన్ కాంగనే మొదట నడిచే సాఫ్ట్‌వేర్) బయటి కార్డును రానియ్యది. దుకాణంల విప్పి చూపించినంకనే పైసలియ్యి. రెండు సన్నటి యాంటెనా వైర్లు చప్పుడొచ్చేదాక నిలువుగ నొక్కాలె. ఒకటి వదులుగ ఉంటే వైఫై దొరుకుతది గని పక్క గదిలకు పోతే పడిపోతది.