పాత కంప్యూటర్‌కి కొత్త డ్రైవు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: కమొడోర్ 64 కంప్యూటర్‌కి ఎస్‌డి2ఐఈసీ (ఎస్‌డి కార్డును డిస్కు డ్రైవులా చూపే పరికరం) తగిలించాను. చిన్న ఆటలు బాగానే వస్తున్నాయి. పెద్ద ఆటలు కొన్ని సగం లోడై, తెర అలాగే నిలిచిపోతోంది. రెండు కార్డులు మార్చినా అంతే. పై1541 (రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌తో చేసిన డ్రైవు) కొనక తప్పదా?

జవాబు: కార్డు తప్పేమీ లేదండీ. కమొడోర్ అసలు ఫ్లాపీ డ్రైవు 1541 ఉత్త డ్రైవు కాదు, అదే ఒక చిన్న కంప్యూటర్. లోపల సొంత 6502 ప్రాసెసర్, 2 కేబీ మెమరీ ఉంటాయి. మామూలుగా లోడ్ చేస్తే సెకనుకు 400 బైట్లు రావడమే గగనం. అందుకే ఆటలు రాసినవాళ్లు తమ ఫాస్ట్ లోడర్‌ని (వేగంగా లోడ్ చేసే చిన్న ప్రోగ్రామ్‌ని) డ్రైవు మెమరీలోకి పంపి, అక్కడి ప్రాసెసర్ చేతే నడిపించారు. ఎస్‌డి2ఐఈసీలో ఉన్నది వేరే రకం మైక్రోకంట్రోలర్, 6502 కోడు దాని మీద నడవదు. బాగా వాడుకలో ఉన్న కొన్ని లోడర్లను గుర్తుపట్టి వాటి పని తానే చేసిపెడుతుంది. గుర్తుపట్టలేనిది ఎదురైతే మీరు చూసినట్టే ఆగిపోతుంది. ఒకే ఫైలుగా ఉన్న ఆటకి ఈ గొడవ లేదు, ఒకసారి మెమరీలోకి వచ్చాక డ్రైవుతో దానికి పనుండదు.

కాబట్టి ముందు మీ ఆటల జాబితా చూసుకోండి. ఎక్కువ భాగం ఒకే ఫైలు ఆటలైతే ఉన్నదే చాలు, కొత్తది కొనొద్దు. కార్ట్రిడ్జ్ రూపంలో దొరికే ఆటలే కావాలంటే కుంగ్‌ఫూ ఫ్లాష్ (కార్ట్రిడ్జ్ పోర్టులో పెట్టే కార్డు పరికరం) లాంటిది హాయి, లోడింగ్ కోసం ఎదురుచూడటమే ఉండదు. దశ దశకీ డిస్కు చదివే ఆటలు, కాపీ రక్షణ ఉన్న జి64 ఇమేజీలు (డిస్కు నకలు ఫైళ్లు) మీకు ముఖ్యమైతే మాత్రం పై1541 సరైనది. అది 1541ని ప్రాసెసర్‌తో సహా అడుగడుగునా అనుకరిస్తుంది. అయితే దానికి డ్రైవు రోమ్ ఫైలు (రీడ్ ఓన్లీ మెమరీ నకలు) కార్డులో పెట్టాలి. రాస్ప్‌బెర్రీ పై పిన్నులు 3.3 వోల్టులవి, కమొడోర్ సీరియల్ లైన్లు 5 వోల్టులవి. మధ్యలో లెవల్ షిఫ్టర్ (వోల్టేజి మార్చే చిప్పు) ఉన్న బోర్డు లేకుండా నేరుగా వైర్లు కలిపితే పై కాలిపోవచ్చు.

‘రెండో వైపు తిప్పండి’ అని అడిగే ఆటలకి ఎస్‌డి2ఐఈసీలోనూ దారి ఉంది. డి64 (ఇదీ డిస్కు నకలే) ఫైళ్ల పేర్లను వరుసకొకటి చొప్పున ఒక స్వాప్ లిస్టు ఫైలులో రాసి అదే ఫోల్డర్‌లో ఉంచండి. పరికరం మీది బటన్ నొక్కితే తర్వాతి డిస్కు వస్తుంది.

అడగకపోయినా ఒక మాట చెప్పాలి. మీది ఆ కాలపు కరెంటు అడాప్టరే అయితే, అన్నిటికన్నా ముందు దాని 5 వోల్టుల లైను మల్టీమీటర్‌తో కొలవండి. లోపలి రెగ్యులేటర్ పాడైతే వోల్టేజి పెరిగి మెమరీ చిప్పులు పోతాయి. చాలా ఎస్‌డి2ఐఈసీలు క్యాసెట్ పోర్టు నుంచే కరెంటు తీసుకుంటాయి, వాటికీ అదే గతి. 5.25 దాటితే ఆ అడాప్టర్ పక్కన పడేయండి.

ప్రశ్న: స్పెక్ట్రమ్ 48కే కంప్యూటర్ మీద ఆటలు, క్యాసెట్‌కి బదులు ఫోన్ నుంచి శబ్దంగా ఎక్కిస్తున్నాను. పదింట నాలుగైనా మధ్యలో ‘టేప్ లోడింగ్ ఎర్రర్’ అంటున్నాయి. డివ్‌ఎంఎంసీ (స్పెక్ట్రమ్ వెనక తగిలించే కార్డు పరికరం) కొంటే అన్నీ ఆడతాయా?

జవాబు: కొనేముందు ఫోన్ సంగతి చూద్దాం. ఎంపీ3 వద్దు, అది అలల అంచులను అరగదీస్తుంది. వేవ్ ఫైలు వాడండి. ఈక్వలైజర్ ఆపేయండి, ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, వాల్యూమ్ దాదాపు చివరికి పెంచండి. తర్వాత తెర అంచు గమనించండి. మొదట ఎరుపు, లేత నీలం చారలు వెడల్పుగా, నిలకడగా కదలాలి. ఆ తర్వాత నీలం, పసుపు సన్నని చారలు రావాలి. మొదటి చారలే తడబడుతుంటే సిగ్నల్ బలం చాలడం లేదన్నమాట. అంతా కుదిరినా 48కే ఆటకి ఐదు నిమిషాల వరకు పడుతుంది.

డివ్‌ఎంఎంసీలో అదే ఆట కన్నుమూసి తెరిచేలోగా వస్తుంది, కానీ ‘అన్నీ’ అనలేం. ట్యాప్ ఫైలు (టేపు నకలు) ఆడించేటప్పుడు ఈఎస్‌ఎక్స్‌డాస్ (డివ్‌ఎంఎంసీని నడిపే సాఫ్ట్‌వేర్) అడ్డుపడేది కంప్యూటర్ సొంత లోడింగ్ రొటీన్‌కే. తన సొంత టర్బో లోడర్ తెచ్చుకున్న ఆట ఆ దారిన పోదు, కమొడోర్ కథే ఇక్కడా. అలాంటి వాటికి జెడ్80 లేదా ఎస్‌ఎన్‌ఏ స్నాప్‌షాట్ (ఆట లోడయ్యాక తీసిన మెమరీ నకలు) వాడండి, చక్కగా నడుస్తాయి.

కార్డు మొదటి ఫోల్డర్‌లోనే ఈఎస్‌ఎక్స్‌డాస్ తాలూకు సిస్, బిన్ ఫోల్డర్లు ఉండాలి. వాటి వెర్షను, పరికరం చిప్పులో ఉన్న వెర్షను ఒకటే కావాలి. బూట్ దగ్గరే ఎర్రర్ వస్తే ముందు అనుమానించాల్సింది ఇదే. మరీ ముఖ్యం: కరెంటు ఉండగా వెనక ఎడ్జ్ కనెక్టర్‌లో ఏదీ పెట్టకండి, తీయకండి. కొంచెం వంకరైనా పక్కపక్క లైన్లు కలిసి కింది మెమరీ చిప్పులకు ముప్పు. పెట్టేముందు ఆ అంచును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి.

ప్రశ్న: అమిగా 500 కంప్యూటర్‌లో ఫ్లాపీ డ్రైవు తీసేసి గోటెక్ (ఫ్లాపీకి బదులు పెన్‌డ్రైవ్ చదివే పరికరం) పెట్టాను. లైటు ఆరకుండా వెలుగుతోంది, ఏమీ చదవడం లేదు.

జవాబు: రిబ్బన్ కేబుల్ తిరగబడింది. ఎర్ర గీత ఉన్న వైపు 1వ పిన్నుకి రావాలి. కరెంటు తీసి తిప్పి పెట్టండి. జంపర్ (పిన్నులను కలిపే చిన్న ముక్క) ఎస్0 దగ్గర ఉందో లేదో కూడా చూడండి. అయినా చదవకపోతే గోటెక్ తన అసలు ఫర్మ్‌వేర్‌తోనే (లోపలి ప్రోగ్రామ్‌తోనే) ఉందేమో. అది పీసీ ఫ్లాపీల కోసం చేసింది, దానికి ఏడీఎఫ్ (అమిగా డిస్కు నకలు) తెలియదు. ఫ్లాష్‌ఫ్లాపీ అనే మరో ఫర్మ్‌వేర్ ఎక్కించాలి. ఒకసారి ఎక్కించాక తర్వాతి అప్‌డేట్లు సులువు: ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసి, రెండు బటన్లూ నొక్కిపట్టి ఆన్ చేయడమే. చిన్న ఓలెడ్ తెర, తిప్పే నాబ్ కూడా పెట్టుకోండి. మూడంకెల తెర మీద ఏ నంబరు ఏ ఆటో గుర్తుపెట్టుకోవడం నరకం.

ప్రశ్న: 64 జీబీ కార్డు ఏ పరికరమూ గుర్తించడం లేదు. ఎందుకు?

జవాబు: 32 జీబీ దాటిన కార్డులు ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌లో వస్తాయి. ఈ పరికరాల్లో చాలావాటికి తెలిసింది ఫ్యాట్16, ఫ్యాట్32 మాత్రమే. అయినా అంత చోటు దేనికండీ? ఒక డి64 ఇమేజీ 1,74,848 బైట్లు, అంటే ఒక్క జీబీలో సుమారు ఆరు వేలు పడతాయి. అమిగా డిస్కు 9,01,120 బైట్లు, అవీ వెయ్యికి పైనే. 4 లేదా 8 జీబీ కార్డు తీసుకుని ఫ్యాట్32లో ఫార్మాట్ చేయండి. ఆటలన్నీ ఒకే ఫోల్డర్‌లో కుక్కకుండా అక్షరానికొకటి చేసుకోండి, జాబితా తెరవడానికి పట్టే సమయం బాగా తగ్గుతుంది.