ఆదివారం రోడ్డు మూసి పండగ చేస్తే పక్కనున్న షాపులకు నష్టమేనా?

రోడ్డు ఏదన్నదాన్ని బట్టి ఉంటుంది. 2021లో హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద ఆదివారాలు బళ్లు ఆపి జనాన్ని తిరగనిచ్చే సండే ఫన్‌డే మొదలైనప్పుడు పెద్దగా ఇబ్బంది రాలేదంటే ఒక వైపు హుస్సేన్‌సాగర్, రోడ్డును ఆనుకుని దుకాణాలు దాదాపు లేవు, వాహనాలు దారి మళ్లిస్తే సరిపోయింది. అదే పద్ధతిని ఆ ఏడాది అక్టోబరులో చార్మినార్ దగ్గరకు తెచ్చినప్పుడు లెక్క వేరు. అక్కడ లాడ్ బజార్ గాజులు, పత్తర్‌గట్టి బట్టలు, పైగా ఆ గల్లీల్లోనే కాపురం ఉండేవాళ్లు.

నిజం చెప్పాలంటే గాజులు కొనేవాళ్లు ఎలాగూ నడిచే తిరుగుతారు, జనం పెరిగితే చిన్న షాపులకు లాభమే. దెబ్బ తగిలేది పెళ్లి బట్టలు మూటలకొద్దీ కొని కారు దాకా మోయాల్సిన కుటుంబాలకు, సరుకు ఆటోలకు, ఇంట్లో పెద్దవాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన వాళ్లకు. అందుకే సరుకు పొద్దున్నే దింపించేయాలి, అంబులెన్సుకు ఒక వరుస ఎప్పుడూ ఖాళీగా ఉండాలి, మూసే వేళలు వారం ముందే షాపులవాళ్లకు చెప్పాలి (ముందురోజు రాత్రి వాట్సాప్‌లో కాదు).

పార్కింగ్ సంగతి కొస్తే, షాపు ముందు జాగా లేదని గోల చేసే షాపులవాళ్లలో చాలామంది బళ్లూ, వాళ్ల పనివాళ్ల బళ్లూ పొద్దున్నుంచీ అక్కడే ఉంటాయి. ముందు అవి దూరంగా పెట్టించాలి. ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్ నుంచి చార్మినార్ సుమారు రెండు కిలోమీటర్లు, ఆ మధ్యలో తరచూ చిన్న బస్సులు తిప్పితే కారు తెచ్చేవాళ్లు సగం తగ్గకపోయినా కొంతైనా తగ్గుతారు.