ఆరో తరగతి చదివే మా అబ్బాయికి ఎక్కాలన్నీ వచ్చు, లెక్క చదివి చేయమంటే మాత్రం రాదు. పజిల్స్ పుస్తకాలు కొనిస్తే మారతాడా?

కొనేముందు కాస్త ఆగండి. నేను కడప జిల్లాలో హైస్కూలు లెక్కల టీచర్ని, ఇరవై ఏళ్ళ పైమాటే. మీరు చెప్పిన ఆరో తరగతి పిల్లోడి లాంటివాళ్ళు నాకు ఏటా పదిమందైనా తగులుతారు. పంతొమ్మిదో ఎక్కం గడగడా అప్పజెప్తారు. అదే లెక్క నాలుగు వాక్యాల్లో ఉంటే, చదవకుండానే తలెత్తి "కూడాల్నా సార్, తీసేయాల్నా?" అంటారు.

మొదట్లో నేనూ పజిల్సే మందు అనుకున్నాను. శనివారం చివరి పీరియడ్ వాటికే. ముందు బెంచీలో ఇద్దరు ముగ్గురు, నేను బోర్డు మీద రాయడం అయ్యేలోపే జవాబు అరిచేవాళ్ళు. మిగతా నలభైమంది హమ్మయ్య అని సంచులు సర్దుకునేవాళ్ళు. దాన్నే బ్రహ్మాండమైన క్లాసు అనుకుంటూ నాలుగైదేళ్ళు గడిపాను, సిగ్గేసినా చెప్పాలి.

నన్ను ఆపింది ఒక గొర్రెల లెక్క. 1980 ప్రాంతంలో ఫ్రాన్సులోని గ్రెనోబుల్ పరిశోధకులు చిన్నపిల్లలకు ఇచ్చిన ప్రశ్న అది: ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, కెప్టెన్ వయసెంత? చాలామంది 36 అని రాశారు. మన పిల్లలు అట్లా రాయరులే అనుకుని, ఓడ తీసేసి మంద పెట్టి, కాపరి వయసెంత అని అడిగాను. తరగతిలో దాదాపు అందరూ 36. (కాపరికి ఆ వయసు సరిగ్గా సరిపోతుంది కూడా, అదొక ఖర్మ.) వాళ్ళలో ఒక పాపకు ఇంట్లోనే గొర్రెలున్నాయి.

"మీ నాయనకు గొర్లెన్ని మ్మా?"
"అరవై సార్."
"అయితే నాయన వయసు అరవయ్యా?"

పకపకా నవ్వింది. "గొర్లకూ వయసుకూ ఏం సంబంధం సార్!" మరి 36 ఎందుకు రాశావంటే, "మీరు అడిగినారు కదా సార్. ఏదో ఒకటి రాయాల కదా" అంది.

ఆ పాపకు తెలివి లేక కాదు. బడి గేటు దాటేటప్పుడు గొర్రెల్ని బయటే వదిలేసి రావాలని మేమే నేర్పాం.

ఇంకోసారి, గండికోటకు 130 మందిని తీసుకుపోవాలి, బస్సుకు 50 సీట్లు, ఎన్ని బస్సులు కావాలి అని ఇచ్చాను. సగంమంది "2, శేషం 30" అని రాసి కింద గీత కొట్టారు. శేషం అంటే ఎవర్రా అంటే దిక్కులు చూశారు. ముప్పైమంది రోడ్డు మీద నిలబడి ఉన్నార్రా అన్నాక మూడు బస్సులన్నారు. వెనక బెంచీ వాడొకడు మాత్రం ఒప్పుకోలేదు. "రెండు చాలు సార్. పల్లెవెలుగులో అరవై ఐదు మంది పడతారు, మీరెప్పుడూ ఎక్కలేదా?" జవాబుల కాగితం ప్రకారం వాడిది తప్పు. నేను మార్కు వేశాను. 130ని రెండు బస్సులకు పంచి, వచ్చిన అరవై ఐదును తను రోజూ వేలాడే బస్సుతో పోల్చి చూసుకున్నాడు వాడు. గీత కొట్టినవాళ్ళు అంతదూరం పోలేదు.

అయితే పజిల్స్ వద్దా అంటే, కావాలి, కానీ అన్నీ కాదు. పుంజు గుడ్డు పెడితే ఎటు దొర్లుతుంది లాంటి తిరకాసులు నవ్వుకోవడానికి సరే. వాటిలో తెలిసినవాడికి తెలుసు, తెలియనివాడు చేయగలిగిందేమీ లేదు. చేత్తో కదిలించి, సగందాకా పోయి, వెనక్కొచ్చి చూసుకునే వీలున్నవి ఇవ్వండి.

ఎండాకాలం మిద్దె మీద మా అవ్వ అడిగేది ఒకటుంది. చెట్టు మీది గుంపును చూసి ఒక పక్షి "మీరు వందమందా?" అందంట. "మేమూ, మా అంతమందీ, మాలో సగం, ఆ సగంలో సగం, నువ్వూ కలిస్తే వంద" అన్నాయంట అవి. గుంపులో ఎన్ని? అవ్వకు ఓనమాలు రావు, చింతగింజలతో చేసేది. అడిగిన పక్షిని పక్కన పెడితే 99. గుంపులో నాలుగనుకుంటే నాలుగు, నాలుగు, రెండు, ఒకటి, మొత్తం పదకొండు. 99లో పదకొండ్లు తొమ్మిది. నాలుగు తొమ్ములు ముప్పై ఆరు. ఎక్స్ అనుకుని నేను సమీకరణం రాసుకునేలోపే అవ్వ గింజలు ఎత్తేసేది. భాస్కరాచార్యుడు 1150 నాటి తన లెక్కల పుస్తకం లీలావతిలో ఈ పద్ధతినే ఇష్టకర్మ అన్నాడు: ఇష్టమొచ్చిన అంకె పట్టుకుని మొదలుపెట్టడమే. నాలుగే ఎందుకు, మూడు అనుకోకూడదా అని క్లాసులో అడిగితే, "సగం పక్షి వస్తాది సార్" అన్నాడొకడు. 36 వచ్చేసరికి అందరూ "కాపరి వచ్చినాడు సార్" అని ఒకటే నవ్వు.

ఎనిమిదో తరగతికి మా కడప ఏడు రోడ్ల సర్కిల్‌నే లెక్కగా ఇస్తాను. సర్కిల్‌లో బయలుదేరి, ఏడు రోడ్ల మీదా ఒక్కోసారే నడిచి, మళ్ళీ సర్కిల్‌కే రావాలి. అవతల సందుల్లో ఎన్నిసార్లు ఎటు తిరిగినా పర్వాలేదు. మొదటిసారి ఇచ్చినప్పుడు రెండు పీరియడ్లు గీతలే గీతలు. చివరికి "రాదు సార్" అన్నారు. అసలు రాదా, మీకు రాలేదా? ఎవరూ మాట్లాడలేదు. ఎప్పుడూ నోరు తెరవని పిల్ల ఒకతె వేళ్ళు మడుస్తూ చెప్పింది: "పోను ఒకటి, రాను ఒకటి. మూడుసార్లు పోయొస్తే ఆరు అయిపాయ. ఏడో దాంట్లో పోతే తిరిగి రాను రోడ్డు లేదు సార్."

1735లో ఆయిలర్ అనే గణితవేత్త, కోనిగ్స్‌బర్గ్ ఊళ్ళో వంతెనలన్నీ ఒక్కోసారే దాటుతూ నడవడం కుదరదని చెప్పిన దాంట్లో ఉన్న కిటుకూ ఇదే. అక్కడా వంతెనలు ఏడే. నాలుగు నేలముక్కల్లో ఒకదానికి ఐదు వంతెనలు, మిగతా మూడింటికీ మూడేసి. బేసి ఉన్నచోట నడక మొదలైనా కావాలి, ముగిసైనా పోవాలి. మొదలు ఒకటే, చివర ఒకటే, నాలుగు చోట్లకు ఎట్లా సరిపోతాయి? ఆ పిల్ల మాట్లాడాకే ఆయిలర్ పేరు ఎత్తాను. ముందే చెప్పుంటే అందరూ రాసుకుని బట్టీ కొట్టేవాళ్ళు.

మీ ఇంట్లో అయితే, లెక్కలో అంకెల మీద వేలు పెట్టి మూసి, కథేంటో చెప్పమనండి. జవాబు పదుల్లో ఉంటుందా వందల్లో ఉంటుందా అని ముందే వాడితో చెప్పించండి. అయ్యాక ఆ జవాబును మామూలు మాటల్లో చెప్పమనండి. "కూడాల్నా?" అని అడిగితే మాత్రం ఊఁ అనకండి. వంటపని మధ్యలో అది ఎంత కష్టమో నాకూ తెలుసు.

ఇంకొకటి. మొదట్లో పిల్లోడి వేగం తగ్గుతుంది. మా బడిలో ఎఫ్‌ఏ-1 (ఏడాదిలో మొదటి చిన్న పరీక్ష)లో కొందరికి మార్కులు పడిపోయాయి. ఒక తండ్రి వచ్చి "బాగా చేసే పిల్లోనికి అనుమానాలు నేర్పించినారు సార్" అని నిలదీశాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ పిల్లోడు ఇప్పుడు తొమ్మిదిలో ఉన్నాడు. మొన్న నేను తొందరలో బోర్డు మీద త్రిభుజం భుజాలు 3, 4, 8 అని రాసి చుట్టుకొలత అడిగాను. అందరూ 15 అని రాసేశారు. వాడు స్కేలూ పెన్సిలూ పట్టుకుని కాసేపు కుస్తీ పడి చెయ్యెత్తాడు.

"సార్, ఇది మూసుకోదు."