స్కాన్‌కు అప్పు, మిగిలింది షేర్లకా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. గుంటూరులో ప్రైవేటు ఉద్యోగం. జీతం 48 వేలు, ఇంటి ఖర్చు 35 వేలు. పుట్టుకతోనే బృహద్ధమని (గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద రక్తనాళం) ఒకచోట సన్నబడి ఉంటే చిన్నప్పుడే ఆపరేషన్ చేశారు. మూడేళ్లకోసారి గుండె ఎంఆర్‌ఐ చేయించుకోమన్నారు డాక్టరు. పోయినసారి క్రెడిట్ కార్డు వాడాను, మినిమమ్ మాత్రమే కడుతున్నాను, ఇంకా 22 వేల బాకీ ఉంది. ఇప్పుడు స్కాన్‌కు 18 వేలు కావాలి. బ్యాంకు 3 లక్షల పర్సనల్ లోన్ ఇస్తానంటోంది. బాకీలు పోను మిగిలింది షేర్లలో పెట్టి, ఆ లాభంతో వాయిదాలు కట్టొచ్చా? మ్యూచువల్ ఫండ్ సిప్‌లో 1.4 లక్షలున్నాయి, నెలకు 6 వేలు కడుతున్నాను. అసలు ఎంఆర్‌ఐ బదులు ఎకోతో (గుండె అల్ట్రాసౌండ్) సరిపెట్టుకుంటే?

జవాబు: వద్దు. 40 వేల అవసరానికి 3 లక్షల అప్పేమిటండీ? వాయిదా ప్రతి నెలా తప్పదు, షేర్ల లాభానికి ఆ పట్టింపు లేదు. కార్డు మీద నెలకు 3.5 శాతం వడ్డీ అనుకున్నా 22 వేలకు 770 రూపాయలు, దానిపై జీఎస్టీ. ఇంత కడుతూ పక్కన సిప్ నడపడం చాలామంది చేస్తున్న పొరపాటే. సిప్ ఆగితే ఏదో పోతుందని భయం!

సిప్ నుంచి 40 వేలు తీయండి. స్కాన్, కార్డు రెండూ తేలిపోతాయి. మిగతా లక్షను అత్యవసర నిధిగా బ్యాంకు డిపాజిట్‌లోకి మార్చండి. ఆరు నెలల ఖర్చు, అంటే 2.1 లక్షలు జమయ్యేదాకా నెలనెలా ఆ 6 వేలు కూడా అక్కడికే. ఏడాదిన్నర పడుతుంది. అప్పటిదాకా షేర్ల మాటే ఎత్తకండి. మీకు ఈ నిధి అందరికంటే ఎక్కువ అవసరం. ఆపరేషన్ చేసినచోట రక్తనాళం మళ్లీ సన్నబడొచ్చు, ఉబ్బొచ్చు, పైకి ఏ లక్షణమూ లేకుండానే. స్కాన్‌లో అలాంటిది బయటపడితే స్టెంటో సర్జరీయో. జీతం లేని సెలవులు, ప్రయాణాలు, తోడు వచ్చేవాళ్ల ఖర్చు ఏ పాలసీ ఇస్తుంది?

స్కాన్ మాత్రం ఎమర్జెన్సీ కాదు, మూడేళ్ల ముందే తెలిసిన ఖర్చు. 18 వేలను 36 నెలలకు పంచితే నెలకు 500. రేట్లు పెరుగుతాయి కాబట్టి 700 వేరే ఖాతాలో వేయండి.

ఎకో సరిపోతుందా అన్నది డాక్టరు తేల్చాలి. పెద్దవాళ్లలో ఛాతీ మీద నుంచి తీసే ఎకోలో ఆ భాగం చాలాసార్లు సరిగా కనపడదు, అందుకే ఎంఆర్‌ఐ లేదా సీటీ అడుగుతారు. డబ్బు కోసం దాన్ని తగ్గించకండి.

బీమా ఉంది కదా అని పరీక్ష కోసమే ఆస్పత్రిలో చేరితే సాధారణంగా క్లెయిమ్ రాదు. కంపెనీ పాలసీ ఉద్యోగంతోనే పోతుంది, సొంతంగా ఒకటి తీసుకోండి. పాత ఆపరేషన్ సంగతి దాచొద్దు. ముందునుంచీ ఉన్న జబ్బులకు 2024 ఏప్రిల్ నుంచి క్లెయిమ్ కోసం నిరీక్షణ గరిష్ఠంగా 36 నెలలే. దాస్తే అసలైన రోజున క్లెయిమ్ తిప్పికొడతారు.

సిప్ డబ్బు ఖాతాలో పడటానికి రెండు మూడు పనిదినాలు పడుతుంది. తీసుకునే రిక్వెస్ట్ ఈ వారమే పెట్టేయండి, స్కాన్ తేదీ జరపనక్కర్లేదు.