లంకె 'లింకు' బిడ్డ కాదు

సందేహం: చిన్న ట్రాక్టర్లకు హైడ్రాలిక్ టాప్ లింకును (పనిముట్టు పైభాగాన్ని ట్రాక్టర్‌కు కలిపే, నూనె ఒత్తిడితో పొడవు మారే సిలిండర్‌ను) ఎంచుకోవడం, బిగించడం గురించి తెలుగులో కరదీపిక రాస్తున్నాను. టాప్ లింకును 'పై లంకె' అన్నాను. లంకె అంటే లింకుకు తెలుగు వేషమేనని మిత్రుడొకరు కొట్టిపారేసి, 'జలచాలిత ఊర్ధ్వ సంధానము' అని మార్చారు. లోపల తిరిగేది నూనె కదా, నీళ్లెక్కడివి? ఏది సాధువు? బిగించు, అమర్చు, తగిలించు – వీటిలో ఏది వాడాలో కూడా చెప్పగలరు.

సమాధానం: లంకె మన మాటే. రెండు బిందెల మెడలను కలిపి కట్టే కట్టు లంకె. అలా జంటగా కట్టినవి లంకెబిందెలు. నిధి అనే అర్థం బిందెల్లోని సొమ్మును బట్టి వచ్చింది గాని లంకెను బట్టి కాదు. ఇంగ్లీషు లింకు స్కాండినేవియా భాషల నుంచి, గొలుసులోని కడియం అనే అర్థంతో దిగినది. రెండూ చెవికి ఒకేలా వినపడతాయి, అంతే. ధ్వని కలిస్తే చాలు చుట్టరికం కలిపేయడం ఈ మధ్య జాడ్యంలా పట్టుకుంది. నిఘంటువు తెరవకుండా నిరుక్తి చెప్పకూడదని మీ మిత్రులకు నా మాటగా చెప్పండి.

అయితే మీ మిత్రులు వేయని ప్రశ్న ఒకటి ఉంది. బిందెల లంకె తాడు. అది లాగి పట్టుకుంటుంది, తోయలేదు. ట్రాక్టర్ వెనక పై లంకె అలాంటిది కాదు. నాగలి మట్టిలో దిగి నడుస్తున్నప్పుడు పనిముట్టును కింద పట్టుకున్న ట్రాక్టర్ చేతులు రెండూ లాగుతుంటే, పైనున్న లింకు మీద తోపు పడుతుంది. పనిముట్టును ట్రాక్టర్‌కు మూడు చోట్ల తగిలించే హారీ ఫెర్గూసన్ మూడు బిందువుల అమరికకు ప్రాణం ఆ తోపే. 1939లో వచ్చిన ఫోర్డ్ 9ఎన్ ట్రాక్టర్‌లో ఆ తోపును బట్టే హైడ్రాలిక్ లిఫ్టు నాగలి లోతును సరిచేసేది. మరి తోసేదాన్ని కూడా లంకె అనవచ్చునా? అనవచ్చుననే నా అభిప్రాయం. మాట పుట్టిన చోటే ఉండిపోదు. అందుకు మీరడిగిన నూనే సాక్షి.

నువ్వు, నెయ్యి కలిస్తే నూనె. పాత రూపాలు నూవు, నూనియ. మొదట్లో నువ్వుల నుంచి తీసిన జిడ్డు ఏదో అదే నూనె, వేరేది కాదు. తమిళంలో ఎళ్ అంటే నువ్వు. ఎళ్, నెయ్ కలిసి ఎణ్ణెయ్ అయింది. కన్నడంలో ఎణ్ణె. సంస్కృతం కూడా ఇదే దారి పట్టింది: తిలల నుంచి వచ్చింది తైలం. గ్రీకు లాటిన్ల మీదుగా వెళ్లిన ఇంగ్లీషు ఆయిల్‌కు మూలం ఆలివ్ పండు. ఎవరి నేలలో ఏది పండితే దాని రసమే అన్ని నూనెలకూ పేరైంది. మనం కొబ్బరినూనె అన్నప్పుడు, వ్యుత్పత్తి పట్టుకు కూర్చుంటే, 'కొబ్బరి నువ్వుల నెయ్యి' అన్నట్టే కదా! అయినా ఎవరికీ ఎబ్బెట్టుగా లేదు. ఏ గింజదీ అని అడిగే పని లేకుండా పోయాక, అసలైన నువ్వులనూనెకు 'మంచినూనె' అని వేరే పేరు పెట్టుకోవలసి వచ్చింది. ఇంత అందమైన చరిత్ర ఉన్న మాట మన నోట రోజూ ఆడుతున్నా బడిలో ఒక్క మాటైనా చెప్పడం లేదని నాకు బాధ. సంస్కృతంలో స్నేహమంటే జిడ్డూ ప్రేమా కూడా; మన నెయ్యం ఆ పక్కదే. చమురు అంటే దీపానికైనా బండి ఇరుసుకైనా సరిపోయే మాట. సిలిండర్‌లో పోసేదానికి నూనె కన్నా ఇది నప్పుతుంది.

హైడ్రాలిక్ కథా ఇలాంటిదే. గ్రీకులో హుడోర్ నీరు, ఔలోస్ గొట్టం. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో క్టెసీబియోస్ చేసిన నీటి వాద్యానికి ఆ పేరు. ఇప్పుడు ఆ గొట్టాల్లో చమురు నడుస్తోంది, పేరులో నీరు మిగిలింది. ఇంగ్లీషువారే పట్టించుకోని ఆ నీటిని తవ్వి తీసి 'జలచాలిత' అని మన నెత్తిన పోయడం దేనికి? చదివినవాడు ట్యాంకులో నీళ్లు పోస్తే పంపు పాడవుతుంది. అనువాదంలో ఇది చిన్న తప్పు కాదు. హైడ్రాలిక్‌ను అలాగే ఉంచండి.

ఇక క్రియలు. పిన్నును దూర్చి క్లిప్పు పెడితే తగిలించడం, నట్టును తిప్పితే బిగించడం, గొట్టాలతో సహా మొత్తం కుదిర్చితే అమర్చడం.

మీరు పంపిన ముసాయిదాలో ఒక వాక్యం నన్ను ఎక్కువ నొప్పించింది: 'ద్విచర్యా సంధానము తగిన పొడవును కలిగి ఉండి యంత్రముచే బిగించబడవలెను.' కలిగి ఉండడమేమిటి? పొడవు ఉంటుంది, కలిగి ఉండదు. 'బడు' ప్రయోగం తెలుగు నోటికి పట్టదు. పైగా తగిన పొడవంటే ఎంతో చెప్పలేదు. చేసేవాడితో నేరుగా చెప్పండి: 'ఇప్పుడున్న స్క్రూ లింకుతో పనిముట్టును మట్టంగా నిలబెట్టి, ఒక పిన్ను నడిమి నుంచి రెండో పిన్ను నడిమి దాకా కొలవండి. కొత్త సిలిండర్ సగం సాగినప్పుడు ఆ కొలతకు రావాలి. అప్పుడే పనిముట్టు ముందుకూ వెనక్కూ వంగడానికి చోటుంటుంది.' 

పిన్నుల కొలతను చెప్పే 'కేటగిరీ'ని వర్గం అని మార్చకండి, దుకాణంలో అడిగితే అర్థం కాదు. కేటగిరీ 1కు పై పిన్ను ముప్పావు అంగుళం, అంటే సుమారు 19 మిల్లీమీటర్లు. కేటగిరీ 2కు అంగుళం. చిన్న ట్రాక్టర్లు చాలావరకు కేటగిరీ 1 అని రాయండి. 'ద్విచర్యా' తీసేసి, 'చమురు రెండు వైపుల నుంచీ తోసే సిలిండర్' అనండి. దానికి ట్రాక్టర్ వెనక వాల్వుకు గొట్టాలు తగిలించే కప్లింగులు రెండు ఉండాలని పక్కనే చెప్పండి. లివర్ వదిలేశాక కూడా వాల్వులో చమురు సన్నగా కారి లింకు పొడవు మారిపోతుంటుంది. దాన్ని 'జారడం' అనండి, 'విస్థాపనం' వద్దు. జారకుండా పట్టి ఉంచే పైలట్ చెక్ వాల్వు సిలిండర్‌కే ఉన్నది ఎంచుకోమనండి.

హెచ్చరికల దగ్గర మాత్రం మీ వాక్యాలు పొట్టిగా, విధ్యర్థకంలో ఉండాలి. గొట్టాలు విప్పే ముందు పనిముట్టును నేలకు దించండి. ఇంజన్ ఆపండి. లివర్‌ను అటూ ఇటూ కదిపి ఒత్తిడి తీసేయండి. కారుతోందేమోనని చేత్తో తడమకండి, అట్టముక్క పెట్టి చూడండి: సన్నని రంధ్రంలోంచి చిమ్మే చమురు చర్మంలోకి దూసుకుపోతుంది. అమర్చాక లింకును పూర్తిగా ముడిచి, లిఫ్టును మెల్లగా పైకి లేపి, పనిముట్టు టైర్లకు గాని, ఇంజన్ శక్తిని పనిముట్టుకు అందించే పీటీవో షాఫ్టుకు గాని తగలడం లేదని చూసుకోండి. ఆ ఎత్తులో గొట్టాలు బిగుసుకోకూడదు.

'పై లంకె' సాధువే. పొలంలో మాత్రం టాప్ లింకు అనే పిలుస్తారు, దాన్ని తప్పుపట్టే పని నాకు లేదు. అట్ట మీద 'హైడ్రాలిక్ టాప్ లింకు' అని వేసి, లోపల మొదటిసారి వచ్చిన చోట 'పై లంకె' అని పరిచయం చేసి చూడండి. వాడేవారి నోట నిలిస్తే మలి ముద్రణలో అట్ట మీదికి తెచ్చుకోవచ్చు.